ఆన్‌లైన్ సభ్యత్వ చందా: ధర కట్టుట ఎట్లు?

పంటను అమ్ముకొనుటతో పాటు, పంటను గురించిన తెలివిని కూడ అమ్ముకొను రైతులు ఇపుడు మన జిల్లాలలో కనబడుచున్నారు. పుట్టగొడుగుల పెంపకము నేర్పువారు కొందరు, మిద్దెతోటలు వేయుట చూపువారు కొందరు, తేనెటీగల పెట్టెలను గురించి చెప్పువారు మరికొందరు. రైతు ఉత్పత్తిదారుల సంఘములు కొన్ని పైరు ఫోటో చూచి తెగులేదో, మందేదో తెలుపు ఏర్పాటు చేసికొనుచున్నవి. వీరందరు వెబ్‌సైటు గాని, ఫోనులో యాప్ గాని పెట్టి, చందా కట్టిన సభ్యులను మాత్రమే లోనికి రానిత్తురు. సైటు కట్టుట నేడు కష్టము కాదు. పల్లెలో చదువుకొన్న కుర్రవాడు నాలుగు దినములలో కట్టగలడు. చిక్కంతయు చందా ఎంతయని నిర్ణయించుటలోనే వచ్చుచున్నది.

సాధారణముగ జరుగునది ఇది. పక్క ఊరివారు నెలకు 50 రూపాయలు పెట్టినారని విని, మనము 40 పెట్టుదుము. లేక, రైతులు ఇయ్యలేరను జాలితో 20 పెట్టుదుము. తక్కువ ధర పెట్టిన తప్పేమున్నది, ఎక్కువమంది చేరుదురు గదా అని తోచును. సలహా చెప్పు పనిలో ఈ ఆలోచన బెడిసికొట్టును. వరి విత్తనము బస్తాలు ఎన్ని అమ్మినను కొట్టులోని మనిషికి పని అంతగా పెరుగదు. సలహా అట్టిది కాదు. చేరిన ప్రతి సభ్యుడును ప్రశ్న అడుగును, ప్రతి ప్రశ్నకు ఒక మనిషి కూర్చుండి జవాబు చెప్పవలెను. కావున చందా ఎంతయని నిర్ణయించునపుడే ఎంతమందికి సేవ చేయవలసి వచ్చునో కూడ నిర్ణయించినట్లగును.

దీనిని ఒక లెక్కతో చూతము. అంకెలు ఉదాహరణకు తీసికొన్నవి. మీ అంకెలు మీరు వేసికొనవలెను.

దిగువ హద్దు

ఒక మిరప రైతుల సంఘము ఫోటోలు చూచి సలహా చెప్పు సైటు పెట్టినదనుకొందము. రోజుకు అయిదారు గంటలు పనిచేయు వ్యవసాయ పట్టభద్రునకు నెలకు 15,000 చొప్పున సంవత్సరమునకు 1,80,000 రూపాయలు. సైటు నిర్వహణ, ఫోను ఖర్చు 24,000. వారమున కొకమారు పొలములు తిరుగుటకు, వీడియోలు తీయుటకు 36,000. మొత్తము 2,40,000 రూపాయలు.

నెలకు 20 రూపాయలు, అనగా ఏడాదికి 240 పెట్టిన ఈ ఖర్చు గిట్టుటకు 1,000 మంది సభ్యులు కావలెను. ఏడాదికి 600 పెట్టిన 400 మంది చాలుదురు. 1,200 పెట్టిన 200 మంది.

ఇపుడు పని లెక్క చూడుడు. పైరు మీదనున్న నెలలలో ఒక్కొక్క సభ్యుడు నెలకు రెండు ఫోటోలు పంపునని, ఫోటో చూచి, అడుగవలసినది అడిగి, జవాబు వ్రాయుటకు పది నిమిషములు పట్టునని అనుకొందము. 400 మందికి నెలకు 800 ప్రశ్నలు, 8,000 నిమిషములు. నెలకు 25 పనిదినములైన, రోజుకు సుమారు 5 గంటల 20 నిమిషములు. మనము పెట్టుకొన్న మనిషి ఈ పని చేయగలడు. 1,000 మందికైన రోజుకు 13 గంటలు దాటును. ఏ మనిషికిని అది సాధ్యము కాదు. జవాబులు రెండు రోజులు, మూడు రోజులు ఆలస్యమగును. పురుగు ఆకుమీద ఉండగా రావలసిన జవాబు, పక్కవాడు చెప్పిన మందు కొట్టిన పిమ్మట వచ్చును. చందా కట్టినవాడు మరుసటి ఏడు మరల కట్టడు. ఇరువది రూపాయల ధర దయతో పెట్టినదే అయినను, ఆ ధరకు వాగ్దానము చేసిన సేవను ఆ సంఘము ఎన్నటికిని చేయలేదు.

ఈ లెక్కలో తరచుగ మరచిపోవు ఖర్చు ఒకటి కలదు. సంఘము అధ్యక్షుడో, అనుభవము గల రైతో రాత్రి పది గంటలకు ఉచితముగ చెప్పు జవాబులు. మొదటి ఏడు ఉత్సాహముతో చెప్పును. రెండవ ఏడు విసుగు పుట్టును. ఆయన గంటలకు కూడ కూలి కట్టి ఖర్చులో వ్రాయవలెను. ఆ సొమ్ము ఆయన తీసికొనకపోయినను సరే, లెక్కలో మాత్రము ఉండవలెను.

ఎగువ హద్దు

ఖర్చు గిట్టు ధర తెలిసిన మాత్రమున సభ్యుడు ఆ ధర ఇచ్చునని కాదు. అతడు చూచుకొనునది తనకు మిగులు లాభము. మిరపలో ఒక అనవసరపు పిచికారీ తప్పిన, మందు, కూలి కలిపి ఎకరమునకు 1,500 రూపాయలు మిగులుననుకొందము. రెండెకరముల రైతుకు 3,000. అందులో అయిదవ వంతు, అనగా 600 రూపాయలు, చందాగ ఇమ్మని అడుగుట న్యాయముగ నుండును. అయిదవ వంతు అనునది శాస్త్రము కాదు, నా అభిప్రాయము. సలహా ప్రతిమారు ఫలించదు గనుక, లాభములో పెద్ద భాగము రైతు చేతిలోనే మిగులవలెను.

అయితే సభ్యులలో సగము మందికే ఒక పిచికారీ తప్పినదనుకొనుడు. అపుడు సగటు లాభము 1,500, దానిలో అయిదవ వంతు 300 మాత్రమే. మన ఖర్చు గిట్టుటకు 600 కావలెను. దిగువ హద్దు ఎగువ హద్దు కంటె పైనున్నది. ఇట్టి చోట ఏ ధర పెట్టినను ప్రయోజనము లేదు. ఒకే సలహాదారుని రెండు సంఘములు కలిసి పెట్టుకొని ఖర్చు తగ్గించుకొనవలెను, లేక సభ్యులకు మందులు, విత్తనములు కలిపి కొనుట వంటి వేరు లాభము చేర్చవలెను. అదియు కుదరనిచో ఆ సైటు పెట్టకుండుటయే మేలు. అందుచేత సైటు తెరువకముందే ఊరిలో ఇరువదిమంది రైతులను కలిసికొని, గత ఏడు ఎన్ని పిచికారీలు చేసినారో, ఎందుకు చేసినారో, ఎంత ఖర్చయినదో వ్రాసికొనవలెను.

సమాచారము అందిన మాత్రమున లాభము కలుగునని అనుకొనరాదు. దీనికొక ఉదాహరణము పొరుగు రాష్ట్రములోనే కలదు. రాయిటర్సు సంస్థ 2007లో మహారాష్ట్రలో మార్కెట్ లైట్ అను పేర, చందా కట్టిన రైతుల ఫోనులకు మార్కెట్టు ధరలు, వాతావరణము, పైరు సలహాలు సంక్షిప్త సందేశములుగ పంపు సేవ నారంభించినది. ఫాఫ్‌షాంప్స్, మింటెన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ఆ రాష్ట్రములో 100 గ్రామములను తీసికొని పరీక్ష చేసినారు. కొన్ని గ్రామముల రైతులకు ఒక ఏడాది ఈ సేవను ఉచితముగ ఇప్పించి, ఇప్పించని గ్రామములతో పోల్చిచూచినారు. 2012లో ప్రకటించిన ఫలితము ప్రకారము, రైతుకు దొరకిన సగటు ధరలో గాని, వానల వలన కలుగు నష్టములో గాని, సాగు పద్ధతులలో గాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. ధర తెలిసినంతనే మంచి ధర చేతికి రాదు. సరుకు నిలువ చేయుటకు చోటు, బండి కిరాయి, దళారి వద్ద తీసికొన్న బాకీ, ఇవన్నియు అడ్డు నిలుచును. మీ సైటు ధర కట్టునపుడు, సభ్యుడు ఆ సలహాతో చేయగల పని ఏదియని మొదట అడుగవలెను.

దేనికి తాళము వేయవలెను, దేనికి వేయరాదు

ఉచితముగ దొరకుదానికి చందా అడిగిన ఎవరును కట్టరు, కట్టినను నిలువరు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరున తెలుగులోనే ఉచితముగ సలహా చెప్పుచున్నది. వాతావరణ సూచనలకు 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ కలదు. మార్కెట్టు ధరలు 2016లో ఆరంభమైన ఈ-నామ్‌లో చూడవచ్చును. ఇవన్నియు ప్రభుత్వ సేవలు. వీనినే తిరిగి వ్రాసి అమ్ముట చందాకు తగిన పని కాదు. మీ ఊరి నేల, మీ కాలువ నీరు, మీ విత్తన రకము ఎరిగిన మనిషి, మీ చేను ఫోటో చూచి ఒక రోజులోపల చెప్పు మాట మాత్రము వేరెక్కడను దొరకదు. చందా దానికే.

ఇక రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. 2021-22 పంటకాలములో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రముల మిరపతోటలను ఎట్లు దెబ్బతీసినదో ఎవరును మరువలేదు. పూతలో చేరి, పూలను రాల్చి, కొందరిచేత తోటలనే పీకివేయించినది. అట్టి పురుగు మీ మండలములో కనబడినదను వార్త చందాదారులకు మాత్రమే పంపి ఊరుకొనవచ్చునా? పురుగు గట్టు దాటునపుడు సభ్యత్వము చూడదు. చందా కట్టని పక్క చేనులో అది పెరిగిన, మరల మీ సభ్యుని చేనికే వచ్చును. సభ్యుని మేలు కోరియైనను ఈ హెచ్చరికలు ఊరందరికి తెరచియుంచవలెను. హెచ్చరిక ఉచితము, చేను చూచి చెప్పు ప్రత్యేక సలహాకు చందా అని గీత గీసికొనిన, ధర కట్టుట కూడ తేలికయగును. ఏలననగా, ఇపుడు మనిషి సమయము పట్టు పనికి మాత్రమే ధర కట్టుచున్నాము. ఉచిత హెచ్చరికలు చదివి ప్రయోజనము పొందినవారే కొన్నాళ్లకు చందాదారులగుదురు.

నెల చందాయా, సంవత్సర చందాయా?

పూర్వము పల్లెలలో వడ్రంగి, కమ్మరి ఏడాది పొడవున నాగళ్లు, కొడవళ్లు బాగుచేసి, పంట కళ్లములోనికి వచ్చిన పిమ్మట తమ మేర కొలిపించుకొని పోవువారు. పని ఎపుడు జరిగినను చెల్లింపు ధాన్యము చేతికి వచ్చునపుడే. చందాకును ఈ సమయపాలన పనికివచ్చును. గుంటూరు ప్రాంతపు మిరప రైతు జూలై, ఆగస్టు మాసములలో నారు పోసి, నాటి, ఎరువులకు మందులకు అప్పు తెచ్చుకొని, కాయలు అమ్మి ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు సొమ్ము చూచును. ఆగస్టులో 600 రూపాయలు ఒక్కసారిగ అడిగిన కొందరు వెనుదీయుదురు. ఆ రైతే మార్చిలో వెనుదీయడు. ఆ పంటలో సలహా వలన మిగిలినది అపుడు అతని కండ్లముందే యుండును. కావున ఏడాది చందాను మార్చి, ఏప్రిల్ నెలలలో వసూలు చేసికొనుట, క్రొత్తగ చేరువానికి నాటునపుడు 200, కాయలు అమ్మిన తరువాత 400గ రెండు వాయిదాలు ఇచ్చుట మంచిది. ధర ఎంతో, అడుగు కాలము కూడ అంత ముఖ్యము.

పట్టణములలో మిద్దెతోట సభ్యుల సంగతి వేరు. వారికి పాల వాడుకవలె నెలనెల కట్టుట అలవాటు. అయితే నెల చందాలో మానుకొనువారు ఎక్కువ. 100 మంది చేరి, నెలకు పదింట ఒకరు చొప్పున మానుచుండిన, పన్నెండు నెలలకు మిగులువారు సుమారు 28 మంది. సగటున ఒక సభ్యుడు పది నెలలు ఉన్నట్లు లెక్క. నెలకు 60 రూపాయలైన అతనివలన వచ్చునది 600. మానుట సగమునకు తగ్గించి, నూటికి అయిదుగురే మానునట్లు చేసిన, సగటు కాలము ఇరువది నెలలగును, రాబడి 1,200 అగును. ఈ రాబడి ధరవలననే రావలెనన్న, నెలకు 60ని 120 చేయవలెను, అపుడును ఒక్కరైన ఎక్కువ మానరాదు. అది జరుగు పని కాదు. మిద్దెతోటవారు ఎండాకాలములో మొక్కలు ఎండి విసిగిపోయి మానుదురు. ఏప్రిల్, మే నెలలలో నీడ వలలను గురించి, కుండీలలో తేమ నిలుపుటను గురించి దినదినము చెప్పు సైటులో సభ్యులు నిలుతురు. చందా తగ్గించుటకంటె ఈ పని చౌక.

ధర మార్చుట

మొదట పెట్టిన ధర శాశ్వతము కాదు. 2021 డిసెంబరు 14న ఒకే రోజున రెండు పెద్ద కంపెనీలు మన దేశములో చందాలు మార్చినవి. అమెజాన్ ప్రైమ్ తన ఏడాది చందాను 999 నుండి 1,499కి పెంచినది. అది 2016లో 499తో ఆరంభమైనది. నెట్‌ఫ్లిక్స్ తన నెల చందాలను తగ్గించినది. ఒకటి 499 నుండి 199కి దిగినది. ముందుగ తక్కువకు ఇచ్చి, సామానుల రవాణా, సినిమాలు ఇంటింటి అలవాటైన పిమ్మట పెంచినవారు ఒకరు. విదేశీ అలవాటు ప్రకారము ఎక్కువ పెట్టి, ఇక్కడి కొనుగోలుదారుని చూచి దిగివచ్చినవారు ఒకరు. అంత నష్టము భరించుకొని పరీక్షలు చేయుటకు సంఘముల వద్ద సొమ్ము లేదు. మనము చిన్న ఎత్తున చూచుకొనవలెను.

చందా ఎంత ఇత్తురని రైతును అడుగుట వలన ప్రయోజనము తక్కువ. మొగమాటమునకు ఒకడు ఎక్కువ చెప్పును, బేరమునకు ఒకడు తక్కువ చెప్పును. ఒక ధర చెప్పి, ముందుగ సొమ్ము కట్టించుకొని, ఎందరు కట్టినారో చూచుటయే నిజమైన పరీక్ష. తగినంతమంది చేరనిచో సొమ్ము పూర్తిగ వాపసు ఇత్తుమని ముందే వ్రాసియియ్యవలెను. ఒక ఊరిలో ఒకరికి 500, పక్కింటివానికి 700 అని వేరువేరు ధరలు చెప్పి చూడవలెనని కొందరు సలహా చెప్పుదురు. పట్టణములో చెల్లునేమో గాని పల్లెలో చెల్లదు. సాయంకాలము రచ్చబండ వద్ద ఇద్దరును కలిసికొందురు, మరునాడు సంఘము మాట ఎవరును నమ్మరు. ధర పెంచవలసిన క్రొత్తగ చేరువారికి పెంచి, పాత సభ్యులకు మరియొక ఏడాది పాత ధరనే ఉంచుట మర్యాద. కౌలు రైతుకు రాయితీ ఇచ్చినను, అది ఎందుకిచ్చినదియు అందరికి తెలిసియుండవలెను.

చందా తరగతులు రెండింటికి మించి పెట్టకుండుట మేలు. వెండి, బంగారు, వజ్ర సభ్యత్వములని నాలుగైదు పెట్టిన, ఏది ఏమిచ్చునో సంఘము గుమాస్తాకే తెలియదు.

పన్ను, వసూలు

రైతులకు శాస్త్రీయ పద్ధతులు నేర్పు వ్యవసాయ విస్తరణ సేవలకు జీఎస్టీ మినహాయింపు కలదు. పట్టణవాసులకు మిద్దెతోట నేర్పుట దానిక్రిందికి వచ్చునో రాదో లెక్కల నిపుణుని అడిగి వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. మినహాయింపు వర్తించని సేవలకు, ఏడాది రాబడి 20 లక్షలు దాటువరకు రెండు తెలుగు రాష్ట్రములలోను సాధారణముగ రిజిస్ట్రేషను అక్కరలేదు. దాటిన పిమ్మట 18 శాతము పన్ను పడును. పన్నుతో కలిపి 100 రూపాయలని ప్రకటించిన చందాలో చేతికి మిగులునది 84 రూపాయల 75 పైసలు. ధర ప్రకటించుటకు ముందే ఈ లెక్క చూచుకొనవలెను.

బ్యాంకు ఖాతానుండి యూపీఐ ద్వారా జరుగు చెల్లింపులపై 2020 జనవరి నుండి వర్తకుల వద్ద రుసుము లేదు. కార్డుల ద్వారా వచ్చు సొమ్ములో మధ్యవర్తి సంస్థలు సుమారు రెండు శాతము తీసికొనును. నెలనెల తానంతట తానే సొమ్ము కత్తిరించు ఏర్పాటుకు సభ్యుని అనుమతి మొదట తీసికొనవలెను. కత్తిరించుటకు 24 గంటల ముందు అతనికి తెలియజేయవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. ఈ సందేశము వచ్చినపుడు చాలమంది మానుకొందురని భయపడి, సంఘములవారు దీనిని తిట్టుకొనుట వినుచుందుము. సందేశముతో పాటు, ఆ నెలలో అతడు అడిగిన ప్రశ్నలెన్ని, జవాబులెన్ని అను రెండు వరుసలు మన తరఫున పంపిన, అదే సందేశము మనకు ఉపకారము చేయును.

చేరుట సులభము, మానుట దుర్లభముగ సైటును కట్టుట 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము నిషిద్ధము. మొదట ఒక ధర చూపి చివర అదనపు రుసుములు చేర్చుట కూడ అట్టిదే. చేరు పేజీలో మొత్తము చందా, ఏడాదికి ఎన్ని ప్రశ్నలు, జవాబు ఎన్ని గంటలలో వచ్చును, మానుకొన్న సొమ్ము ఎంత వాపసు వచ్చును అను నాలుగు సంగతులు పెద్ద అక్షరములలో వ్రాయవలెను. ఒప్పుకొన్న గంటలు దాటి జవాబిచ్చిన ప్రతిమారు ఆ సభ్యుని గడువును ఒక వారము పొడిగించు సంఘము, తన సలహాదారుని చేతిలో ఎంత పని పట్టునో త్వరలోనే తెలిసికొనును. పొడిగింపులు ఎక్కువైనచో, మరుసటి పంటకు సభ్యుల సంఖ్య తగ్గించుకొనవలెను, లేక రెండవ మనిషిని పెట్టుకొని చందాను మరల లెక్క కట్టుకొనవలెను.